అంగిలి కుట్టగానే మాట దానంతట అదే రాదు

విశాఖపట్నం తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతోంది. అంగిలి చీలికకు (పుట్టుకతో నోటి పైకప్పు చీలి ఉండటానికి) ఆపరేషన్ అయితే సమస్య తీరినట్టేనట. వినికిడి, మాట వాటంతట అవే కుదురుతాయట. అయిదేళ్లు వచ్చేదాకా ఆగి, ఈలోగా బెలూన్లు ఊదించాలట. చెవిలో ట్యూబులు, అంటే మధ్యచెవికి గాలి అందేలా కర్ణభేరిలో అమర్చే చిన్న గొట్టాలు, మాత్రం వద్దట. ఆపరేషన్ అవసరమన్నది నిజం. దాని తర్వాత చాలామంది పిల్లలు చక్కగానే మాట్లాడతారు. మిగతా సలహాతోనే పేచీ.

ముందు చెవి సంగతి. ముక్కు వెనక నుంచి మధ్యచెవికి గాలి చేర్చే యూస్టేషియన్ గొట్టాన్ని తెరిచేది అంగిలి కండరమే. చీలిక ఉన్న పిల్లల్లో ఆ కండరం సరిగా అమరదు. గాలి అందక కర్ణభేరి వెనక జిగట ద్రవం చేరుతుంది. కుట్లు చీలికను మూస్తాయి గానీ, గొట్టం వెంటనే దారికి రాదు; చాలామందిలో ఈ ద్రవం ఏళ్ల తరబడి వచ్చిపోతూ ఉంటుంది. తరచుగా నొప్పీ ఉండదు, చీమూ కారదు. ‘కుక్కర్ కూతకు తిరిగి చూస్తున్నాడు, చెవులు బాగానే ఉన్నాయి’ అని ఇంట్లో నిశ్చింతగా ఉంటారు. ద్రవం వల్ల తగ్గే వినికిడి మామూలుగా 20-30 డెసిబెల్స్. కూత వినిపిస్తుంది, ‘స’, ‘త’ లాంటి సన్నని హల్లులు జారిపోతాయి. టింపనోమెట్రీ అనే చెవి పరీక్ష చేస్తే ద్రవం ఉన్నదీ లేనిదీ నిమిషాల్లో తెలుస్తుంది.

ట్యూబుల మీద భయం పూర్తిగా నిరాధారం కాదు. కొందరిలో చెవి కారుతుంది, అరుదుగా కర్ణభేరికి రంధ్రం మిగులుతుంది. అయితే చాలావరకు అవి 6 నుంచి 18 నెలల్లో వాటంతట అవే ఊడిపోతాయి. అందరికీ అవసరం లేదు కూడా. కొందరికి వినికిడి యంత్రం చాలు, కొందరిని గమనిస్తూ ఉంటే చాలు. ఏది ఎవరికన్నది వినికిడి పరీక్ష చూసి డాక్టరు చెప్పాలి.

అసలు హాని ‘అయిదేళ్లు ఆగండి’ అన్న మాటలో ఉంది. బిడ్డ ధ్వనులు నేర్చుకోవడం ఏడాది నిండకముందే మొదలవుతుంది. గాలి నోట్లో నిలవనప్పుడు గొంతులోనే నొక్కి ‘క’ను, ‘ట’ను పలకడం అలవాటు చేసుకుంటుంది. అంగిలి కుట్టినా ఆ అలవాటు పోదు; దానికి స్పీచ్ థెరపీ కావాలి. ‘బాబు’ అనబోతే ‘మాము’ అని వస్తుంటే, గాలి ముక్కులోకి పోతోందేమో చూపించాలి. అంగిలి పొడవో కదలికో చాలకపోతే ఎంత థెరపీ చేసినా అది తీరదు. రెండో ఆపరేషన్ కావలసి రావచ్చు. ఒకే బిడ్డలో ఈ రెండు లోపాలూ (పలికే అలవాటు, అంగిలి చాలకపోవడం) ఉండవచ్చు. వాటిని విడదీసి చెప్పగలిగేది స్పీచ్ థెరపిస్టు. (నాలుక మీద వస రాస్తే మాట వస్తుందనే బామ్మలకు నమస్కారం, ఇక్కడ దానికి పనిలేదు.)

బెలూన్ల విషయం తేలికే. ఊదేటప్పుడు అంగిలి పనిచేసే తీరు వేరు, మాట్లాడేటప్పుడు వేరు. పిల్లనగ్రోవి బాగా ఊదే పిల్లాడు కూడా ముక్కుతో మాట్లాడవచ్చు. ఆటగా ఊదించండి, వైద్యమనుకుని కాదు.

ఇక ఖర్చు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్లలోపు పిల్లలకు ఉచితంగా చూసే సమస్యల్లో గ్రహణం మొర్రి, అంగిలి చీలికతో పాటు వినికిడి లోపం కూడా ఉంది. అంగన్‌వాడీకి, బడికి వచ్చే ఆ కార్యక్రమం వైద్య బృందానికి ‘ఆపరేషన్ అయిపోయింది’ అని చెప్పి ఊరుకోకండి. చెవి, మాట కూడా చూడమని అడగండి. కింగ్ జార్జ్ ఆసుపత్రి, ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి రెండూ ఊళ్లోనే ఉన్నాయి.