పటానికి దండ వేసి ఊరుకుంటే ఎలా?

మా విచారణ (పారిష్) దేవాలయంలో పక్క గోడకు పునీత రెండవ జాన్ పాల్ పోపు గారి పటం ఉంది. అక్టోబరు 22 ఆయన పండుగ. ఆ రోజు పటానికి బంతిపూల దండ పడుతుంది. వాట్సాప్ గ్రూపుల్లో ఆయన నవ్వుతున్న ఫొటోలు తిరుగుతాయి, కింద ఎవరికో జరిగిన ఒక అద్భుతం కథ ఉంటుంది. పదిమందికి పంపితే మంచి జరుగుతుందన్న హామీ కూడా! రెండు రోజులకు దండ వాడిపోతుంది, మనమూ ఆయనను మరిచిపోతాం. చాలా ఏళ్లు నేనూ ఇదే చేశాను, కాబట్టి ఈ తిట్లలో మొదటి వాటా నాదే.

ఆయనను తలచుకోగానే అందరూ ఆయన తిరిగిన దేశాల లెక్క చెబుతారు. 1986 ఫిబ్రవరిలో మద్రాసు వచ్చినప్పుడు చూడటానికి వెళ్లామని చెప్పుకొనే పెద్దవాళ్లు మాలోనూ ఉన్నారు. కమ్యూనిస్టు ప్రభుత్వాలు కూలడంలో ఆయన పాత్ర గురించి మాట్లాడేవాళ్లూ ఉన్నారు. అవన్నీ నిజమే. కానీ వాటిలో ఏదీ నా చేత ఒక్క పరలోక జపమైనా అదనంగా చెప్పించలేదు. నన్ను కదిలించింది పోలండులోని వాదోవిత్సే అనే చిన్న ఊళ్లో ఒక తండ్రి మోకాళ్ల మీద ఉన్న దృశ్యం.

కరోల్ వోయ్తివా, అదే ఈ పోపు గారి అసలు పేరు, 1920లో పుట్టారు. తొమ్మిదేళ్లు నిండకముందే తల్లి పోయింది. వైద్యుడైన అన్న, చికిత్స చేస్తున్న రోగి నుంచి జ్వరం సోకి 1932లో చనిపోయాడు. ఇంట్లో మిగిలింది సైన్యంలో పనిచేసి విరమించిన తండ్రి, ఈ పిల్లవాడు. రాత్రి ఎప్పుడైనా మెలకువ వస్తే తండ్రి నేల మీద మోకరించి కనిపించేవారట. పిలిచి బోధించింది లేదు, కూర్చోబెట్టి గంటసేపు నీతులు చెప్పిందీ లేదు. ఆ ఇల్లే తన మొదటి సెమినరీ (ఫాదర్లను తయారుచేసే బడి) అన్న భావంతో తర్వాత ఆయనే రాసుకున్నారు. ఒకసారి మాత్రం, నువ్వు పవిత్రాత్మకు సరిగా ప్రార్థించడం లేదని మందలించి తండ్రి ఒక ప్రార్థన నేర్పారు. పోపు అయ్యాక కూడా దాన్ని ఆయన వదలలేదు.

ఇది చదివినప్పుడు నాకు మా నాయనమ్మ గుర్తుకొచ్చింది. సాయంత్రం ఏడింటికి కరెంటు పోయేది. కిరోసిన్ దీపం ముందు చాప పరిచి జపమాల మొదలుపెట్టేది. ‘దేవ వరప్రసాదము చేత నిండిన మరియమ్మా, వందనము’ అని ఆమె మొదలుపెడితే మేము అందుకోవాలి. జపమాలలో తలచుకునే క్రీస్తు, మరియల జీవిత ఘట్టాల్లో మూడోది, అంటే మూడో దేవరహస్యం, వచ్చేసరికి నేను గోడకు జారబడి నిద్రపోయేవాణ్ని. మోచేత్తో ఒక పోటు పడేది. కళ్లు మూసుకునే పొడిచేది, గురి మాత్రం ఎప్పుడూ తప్పలేదు.

ఆయన జీవితంలో రెండో గురువు ఒక దర్జీ. ఈ మాట మన విచారణల్లో మైకు పెట్టి చెప్పాలి. జర్మన్ల ఆక్రమణలో క్రాకోవ్‌లోని ఆయన విచారణ గురువులను, అంటే ఫాదర్లను, నాజీ రహస్య పోలీసు దళం గెస్టపో పట్టుకుపోయింది. అప్పుడు యాన్ తిరనోవ్‌స్కీ అనే దర్జీ కుర్రాళ్లను పదిహేనుమంది చొప్పున గుంపులు కట్టి, తలా ఒక జపమాల దేవరహస్యం అప్పగించి నడిపాడు. పగలు రాళ్ల క్వారీలో, తర్వాత సోల్వే రసాయన కర్మాగారంలో కూలిపని చేసిన వోయ్తివా ఆ దర్జీ దగ్గరే ప్రార్థన నేర్చుకున్నారు. మనకేమో పూజకు ఫాదర్ పది నిమిషాలు ఆలస్యమైతే చాలు, సెల్‌ఫోన్లు బయటకు వస్తాయి. ఆయన వచ్చేదాకా ఒక జపమాల మొదలుపెడదామని ఒక్కరికీ తోచదు. భక్తి అంటే గురువుల ఉద్యోగం, మనం చందా ఇచ్చేవాళ్లం అన్నట్టు తయారయ్యాం.

గుణదల మరియమ్మ కొండకు నేనూ ఏటా వెళతాను. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో ఆ జనం, తలనీలాలు, కొవ్వొత్తులు నాకు ఇష్టం. ఆ తల్లి దగ్గర అడుక్కోవడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. నా బాధంతా కొండ దిగాక సంగతి గురించి. అక్కడ కొన్న కొత్త జపమాల బీరువాలోకి వెళ్లి, మళ్లీ ఫిబ్రవరికే బయటకు వస్తుంది.

‘మీరు మరియను పూజిస్తారు, క్రీస్తును పక్కన పెడతారు’ అని మా బంధువుల్లో కొందరు ప్రతి పెళ్లి విందులోనూ అంటారు. ఆ అనుమానం ఈ పోపు గారికే కుర్రతనంలో వచ్చింది. మరియ భక్తి ఎక్కువై క్రీస్తుకు అడ్డవుతుందేమోనని కొంత దూరం జరగాలనుకున్నారు. కర్మాగారంలో పనిచేస్తూ పునీత లూయీ ద మోంఫోర్ పుస్తకం చదివాక, ఆ తల్లి చేయి పట్టుకుంటే చేరేది కొడుకు దగ్గరికేనని తేల్చుకున్నారు. ‘నేను పూర్తిగా నీవాడను’ అనే అర్థం వచ్చే లాటిన్ మాటను తర్వాత తన ధ్యేయవాక్యంగా పెట్టుకున్నారు. అనుమానం వచ్చినప్పుడు ఆయన చదివారు. మనం వాదిస్తాం, బిర్యానీ చల్లారిపోతుంది.

ఇక మింగుడుపడని సంగతి ఒకటుంది, దాన్ని దాటవేయను. మెకారిక్ అనే అమెరికా బిషప్పు మీద లైంగిక వేధింపుల ఆరోపణలున్నాయని హెచ్చరికలు అందినా, 2000లో ఆయనను వాషింగ్టన్ అగ్రపీఠాధిపతిగా నియమించింది ఈ పోపు గారే. నిందితుడి మాట నమ్మారని 2020 నవంబరులో వాటికన్ స్వయంగా విడుదల చేసిన నివేదికే చెబుతోంది. పటం ముందు నిలబడినప్పుడు అది నాకు గుర్తుకొస్తుంది, గుర్తుకు రావాలి కూడా. ఆయన ఎంత ప్రార్థన చేసినా బాధితుల గాయం చిన్నదైపోదు. అయితే పునీతుడంటే తప్పు చేయనివాడని తిరుసభ ఎక్కడా చెప్పలేదు. వారం వారం పాపసంకీర్తనానికి, అంటే ఫాదర్ దగ్గర తన పాపాలు ఒప్పుకోవడానికి, మోకరించిన మనిషి ఆయన. ఏడాదికొకసారి, అదీ పాస్కా (ఈస్టర్) పండుగకు ముందు, వరుసలో తోసుకుంటూ వెళ్లే నాకు ఆ అలవాటు ముందు నోరు లేవదు.

2005 పవిత్ర శుక్రవారం (గుడ్ ఫ్రైడే) నాడు ఆయన సిలువ మార్గం ప్రార్థనకు వెళ్లలేకపోయారు. తన ప్రార్థనాలయంలో టీవీ ముందు కూర్చుని, చేతుల్లో సిలువ పట్టుకుని ఉన్నారు. కెమెరా వెనక నుంచే చూపించింది. వంగిన వీపు, సిలువకు ఆనుకున్న తల. పాస్కా ఆదివారం కిటికీ దగ్గరికి వచ్చి మాట్లాడబోతే గొంతు పెగల్లేదు. చేత్తో సిలువ గుర్తు వేశారు. ఏప్రిల్ 2న వెళ్లిపోయారు, మనకప్పుడు అర్ధరాత్రి దాటి ఒంటిగంట. టీవీ చూస్తున్న మా నాయనమ్మ ఏమీ మాట్లాడకుండా చాప తెచ్చి పరిచింది.

ఆమెకు ఆయనతో ఒక్క తగాదా ఉండేది. 2002లో ఆయన జపమాలకు వెలుగు దేవరహస్యాలు అయిదు కలిపి గురువారానికి కేటాయించారు. ‘పోపు గారు చెప్పారు సరే, నాకు నోరు తిరగదు’ అని చివరి వరకూ గురువారం సంతోష దేవరహస్యాలే చెప్పింది. ఇప్పుడు ఆ చాప మీద నేను కూర్చుంటున్నాను. మోకాళ్లు అయిదు నిమిషాలకే మొరాయిస్తున్నాయి, మూడో దేవరహస్యం దగ్గర ఇప్పటికీ కునుకు వస్తోంది. గురువారం వెలుగు దేవరహస్యాలే చెబుతాను. ఏదో ఒక మూల నుంచి మోచేయి వచ్చి పడుతుందేమోనని కొంచెం పక్కకు జరిగే కూర్చుంటాను.