సయోధ్యకు 4.6 శాతం

పశ్చాత్తాపానికి కూడా బడ్జెట్‌లో ఒక పద్దు ఉండాలని గ్రహించిన ప్రభుత్వ సంస్థలు అరుదు. కెనడాలో ఆరోగ్య పరిశోధనకు డబ్బులిచ్చే సంస్థ సీఐహెచ్ఆర్ ఆ అరుదైన కోవలోది. మూలవాసులతో సయోధ్యకు కట్టుబడి ఉన్నామని చెప్పి ఊరుకోకుండా, ఎంతమేరకు కట్టుబడ్డారో కూడా చెప్పింది: ఏటా బడ్జెట్‌లో కనీసం 4.6 శాతం మూలవాసుల ఆరోగ్య పరిశోధనకు.

ఆ అంకె ఎవరూ గాల్లోంచి తీసింది కాదు. అప్పటికి దేశ జనాభాలో మూలవాసుల వాటా అదేనని సంస్థ లెక్క. తలకింత అని పంచేస్తే ఇంకెవరూ నోరెత్తలేరు. 2021 జనాభా లెక్కల్లో వాళ్ళ వాటా 5 శాతానికి చేరింది. సంస్థ అంకె వేశాక కూడా ఆగకుండా పెరిగినందుకు వాళ్ళనే అనాలి. జబ్బులు కూడా క్రమశిక్షణ పాటించడం లేదు. ఉత్తరాన ఇన్యూట్ అనే మూలవాసుల ప్రాంతంలో క్షయ, కెనడాలోనే పుట్టిన మిగతా జనంతో పోలిస్తే, దాదాపు 300 రెట్లు ఎక్కువని 2016 నాటి ప్రభుత్వ లెక్కలే చెప్పాయి. ఆ క్రిములకి దామాషా పద్ధతి ఎవరూ నేర్పినట్టు లేరు.

సయోధ్య కావాలంటే ముందు తగువు ఉండాలి కదా. దానికి లోటు లేదు. మూలవాసి పిల్లల్ని ఇంటికి దూరం చేసి, వాళ్ళ భాష, సంస్కృతి మాన్పించడానికి ప్రభుత్వం నడిపించిన బడులు రెసిడెన్షియల్ స్కూళ్ళు. 1948 నుంచి 1952 వరకు అలాంటి ఆరు స్కూళ్ళలో దాదాపు వెయ్యి మంది మూలవాసి పిల్లల మీద ఆహార ప్రయోగాలు జరిగాయి. నడిపింది ఫెడరల్ ప్రభుత్వ పోషకాహార విభాగం, దాని అధిపతి లయొనెల్ పెట్. ఆ బడుల్లో పిల్లలు అర్ధాకలితో ఉన్నారని అంతకుముందే తెలుసు. మామూలు మనిషైతే అన్నం పెట్టేవాడు. పెట్ గారు పెట్టలేదు, అధ్యయనం పెట్టుకున్నారు. వాంకూవర్ ద్వీపంలోని ఆల్బెర్నీ బడిలో పిల్లలకి అందే పాలు ఉండాల్సిన దాంట్లో సగం కూడా లేవని తేలితే, రెండేళ్ళ పాటు అలాగే ఉంచారు. తర్వాత పెంచినప్పుడు తేడా స్పష్టంగా కనిపించాలి మరి! పుచ్చిన పళ్ళు, చిగుళ్ళ రక్తం వాళ్ళ కొలతల్లో భాగం. అందుకని పళ్ళ డాక్టర్లు వచ్చి నయం చేసి లెక్క చెడగొట్టకుండా ఆ సేవలూ ఆపించారు. శాస్త్రం మీద ఇంత భక్తి ఉన్నవాళ్ళు ఆ పిల్లల తల్లిదండ్రులను ఒక మాట అడగడం మర్చిపోయారు. ఈ కథ జనానికి తెలిసింది 2013లో, ఇయన్ మోస్బీ అనే చరిత్రకారుడు పాత ఫైళ్ళు తిరగేస్తే.

సీఐహెచ్ఆర్ పుట్టింది 2000లో కాబట్టి ఈ పాపం దానికి అంటదు. ప్రభుత్వ కార్యాలయాలకి పునర్జన్మ ఇందుకే పనికొస్తుంది, కొత్త పేరు రాగానే పాత కర్మ ఖాతా మూసుకుపోతుంది.

ఆల్బెర్నీ ఉన్నది నూచానుల్త్ ప్రజల నేల మీద. 1980ల్లో అదే ప్రజల దగ్గరికి ఒక విశ్వవిద్యాలయ పరిశోధకుడు వచ్చాడు. కీళ్ళవాతం మీద పరిశోధన అన్నాడు. ఇంటింటా ఆ బాధ ఉన్నవాళ్ళు, నమ్మి 883 మంది రక్తమిచ్చారు. కీళ్ళ సంగతి తేలలేదు. రక్తం మాత్రం ఆయన వెంట అమెరికాలోని యూటాకి, అక్కడి నుంచి ఆక్స్‌ఫర్డ్‌కి వెళ్ళి, ఇచ్చినవాళ్ళకి చెప్పకుండా, వాళ్ళ పూర్వీకులు ఎక్కడివాళ్ళో తేల్చే పనికి ఉపయోగపడింది. తమ పూర్వీకులు ఎక్కడివాళ్ళో వాళ్ళకి ముందే తెలుసు, అడిగితే ఊరికే చెప్పేవాళ్ళు. ఆ రక్తం 2004లో గానీ వెనక్కి రాలేదు.

దీని నుంచి సీఐహెచ్ఆర్ నిజంగానే పాఠం నేర్చుకుందని ఒప్పుకోవాలి. 2007 మార్గదర్శకాల్లో, మూలవాసుల నుంచి తీసుకున్న రక్తం, కణజాలం పరిశోధకుడి దగ్గర అప్పు కింద ఉన్నట్టే అని రాసింది. మంచి మాట. తిరిగి ఇవ్వాల్సింది ఉందని కాగితం మీద ఒప్పుకున్న అప్పులు ఆ దేశంలో అట్టే లేవు. 2010లో ఆ మార్గదర్శకాలనే పక్కన పెట్టి, అన్ని రంగాల పరిశోధనకూ కలిపి రాసిన నైతిక నియమావళిలో తొమ్మిదో అధ్యాయంగా సర్దారు.

ఆ రెసిడెన్షియల్ స్కూళ్ళ చరిత్ర మీద విచారణకి వేసిన సత్య, సయోధ్య కమిషన్ 2015లో 94 సిఫారసులు చేసింది. మూలవాసులకీ మిగతావాళ్ళకీ ఆరోగ్యంలో ఉన్న తేడాని కొలవండి, పూడ్చండి, ఏటా నివేదిక ఇవ్వండి అన్నది 19వది. ఇందులో కొలవడం, నివేదిక రాయడం ఎవరికైనా వచ్చిన పనులు. మధ్యది కొంచెం కష్టం. అందుకని ఈలోపు చేయగలిగినవి చేస్తున్నారు. ఆ బడి పిల్లల జ్ఞాపకార్థం సెప్టెంబరు 30న నారింజ రంగు చొక్కా వేసుకుంటారు. రాజధాని ఒట్టావాలో మీటింగ్ మొదలుపెట్టేటప్పుడు, ఇది అల్గోంక్విన్ ప్రజలు ఎన్నడూ వదులుకోని నేల అని వినయంగా చదువుతారు. అద్దెకున్నవాడు రోజూ పొద్దున్నే ఓనరుకి దండం పెట్టి, అద్దె ఊసెత్తకుండా ఆఫీసుకి వెళ్ళిపోయినట్టు.

ఇవన్నీ చదివి మనం నవ్వుకోవచ్చు గానీ, ఈ విద్యలో మనమే బాగా వెనకబడి ఉన్నాం. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకి, దాదాపు 14 వేల మందికి, గర్భాశయ ముఖ క్యాన్సర్ టీకా వేశారు. చాలామంది ఆదివాసీ పిల్లలు, ఆశ్రమ పాఠశాలల్లో ఉండేవాళ్ళు. ఒక అమెరికన్ సంస్థ చేపట్టిన ఆ పనిలో మన భారత వైద్య పరిశోధన మండలికీ భాగం ఉంది. తర్వాత సంభవించిన మరణాలకి టీకా కారణం కాదని విచారణ సంఘం తేల్చింది. సంతకాల సంగతే తేలలేదు. వేల ఫారాల మీద తల్లిదండ్రుల బదులు వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకం పెట్టారు. 2013లో పార్లమెంటరీ కమిటీ మండలిని గట్టిగానే తప్పుపట్టింది. అయినా మనకింకా శాతం రాలేదు, చొక్కా రంగు ఖరారు కాలేదు.

తొందరేం లేదు. కెనడాలో బడి ప్రయోగాల సంగతి బయటికి రావడానికే 60 ఏళ్ళు పట్టింది. ఆ లెక్కన భద్రాచలం వంతు 2070 ప్రాంతంలో వస్తుంది. అప్పటికి ఆ ఆడపిల్లలకి డెబ్బై దాటుతాయి, ఈసారి ఫారం మీద వాళ్ళ సంతకం వాళ్ళే పెట్టుకోవచ్చు.