అయోవా రైతుకు ఒక శాలువా

మా ఊరి సాహితీ సమితి ఏటా సంక్రాంతికి ఒక ఉత్తమ రైతును సన్మానిస్తుంది. ఈసారి నేను ప్రతిపాదించిన పేరు విని సభ్యులు ముఖముఖాలు చూసుకున్నారు. అమెరికాలో అయోవా రాష్ట్రపు సోయా రైతు. ఫలానా రైతు అని కాదు, ఎవరైనా సరే. పంట పండించి శాలువా కప్పించుకోవడంలో ఏముంది? పండిన పంటను కొనేవాడిని సొంత సర్కారే తరిమేస్తే, కిక్కురుమనకుండా ‘మహా దేశభక్త రైతు’ అన్న బిరుదును నెత్తిన పెట్టుకున్న మహానుభావుడు అతడు. అతడికి కాకపోతే ఇంకెవరికి?

సోయా అంటే మనకు మీల్‌మేకర్ కూర. చైనాకు అది పందుల మేత, వంటనూనె. 2017లో చైనా ఒక్కటే సుమారు 1,200 కోట్ల డాలర్ల అమెరికా సోయా కొన్నది. ఇంత పెద్ద ఖాతాదారు చేతిలో ఉండటం రైతు ఆరోగ్యానికి మంచిది కాదు. బద్ధకం వస్తుంది. ఆ ప్రమాదాన్ని ముందుగా పసిగట్టిన అధ్యక్షుడు ట్రంప్ 2018 మార్చిలో వాణిజ్య యుద్ధాలు మంచివని, సులువుగా గెలవవచ్చని ప్రకటించారు. జులై 6న ఆయన చైనా సరుకు మీద 25 శాతం సుంకం వేశారు. అదే రోజు చైనా సోయా మీద 25 శాతం వేసింది. ఆ ఏడాది ముగిసేసరికి 1,200 కోట్ల బేరం 300 కోట్ల చిల్లరకు దిగింది. గెలుపు ఎంత సులువో అప్పుడే తెలిసింది, ఎవరి గెలుపన్నదే తెలియలేదు.

ఆ యుద్ధ వీరుల్లో నాకు బాగా నచ్చినది ఒక ఓడ. పేరు పీక్ పెగాసస్. డెబ్బై వేల టన్నుల సోయా మోసుకుని, సుంకం పడేలోపు చైనాలోని దాలియన్ రేవు చేరాలని సముద్రం మీద పరుగులు తీసింది. చైనా జనం ఫోన్లలో దాని రాక కోసం క్రికెట్ స్కోరు చూసినట్టు చూశారు. కొద్ది గంటల తేడాతో ముహూర్తం తప్పింది. సరుకు దించితే సుంకం, వెనక్కి వెళ్తే నవ్వులు. పాపం ఆ ఓడ రేవు ముందు నెల రోజులకు పైగా ప్రదక్షిణలు చేసింది. మన దగ్గర నలభై ఒక్క రోజులు తిరిగితే పెళ్లిళ్లు కుదురుతాయి. దానికి బేరం కూడా కుదరలేదు, చివరికి సుంకంతోనే సరుకు దిగింది.

సర్కారు రైతును వదిలేసిందని ఎవరూ అనడానికి వీల్లేదు. ఆ జులైలోనే 1,200 కోట్ల డాలర్ల సాయం ప్రకటించింది. పాత బేరమూ పన్నెండు వందల కోట్లే, వచ్చిన సాయమూ పన్నెండు వందల కోట్లే అని లెక్క సరిపెట్టుకోకండి. సాయం సోయా రైతు ఒక్కడికే కాదు, పంది మాంసం, పత్తి, గోధుమ అందరూ పంచుకోవాలి. సోయాకు బుషెల్‌కు డాలరు 65 సెంట్లు ఇచ్చారు. మొక్కజొన్నకు బుషెల్‌కు ఒక సెంటు. మా కోశాధికారి గారు సెంటు అనగానే ఇళ్ల స్థలం అనుకుని ‘ఫరవాలేదే, ఉదారంగానే ఇచ్చారు’ అన్నారు. అది డాలరులో నూరో వంతండీ, బుషెల్ అంటే పాతిక కిలోల పైన అని చెప్పాక ఆయన కాసేపు మాట్లాడలేదు. గోవును చంపి చెప్పులు దానం చేసినవాణ్ని మనవాళ్లు సామెతలో పెట్టి తిట్టారు గాని, అతడు కనీసం రెండు చెప్పులూ ఇచ్చాడు.

2019లో మిన్నెసోటా రైతుల సభలో అప్పటి వ్యవసాయ మంత్రి సన్నీ పెర్డ్యూ ఒక ఛలోక్తి విసిరారు. నేలమాళిగలో ఇద్దరు రైతులుంటే దాన్ని ఏమంటారు? ఏడుపు కొట్టు. ఇంగ్లీషులో ద్రాక్షసారా కొట్టుకూ ఏడుపు కొట్టుకూ ప్రాస కుదురుతుంది. అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగం చేసేవారికి ఆయన పేరు సిఫారసు చేస్తున్నాను.

ఇక్కడ చిన్న పిట్టకథ. 1985లో చైనా జిల్లా అధికారి ఒకాయన వ్యవసాయం చూడటానికి అయోవాలోని మస్కటీన్ అనే చిన్న ఊరికి వచ్చి, ఒక కుటుంబం ఇంట్లో బస చేశారు. ఆయన పేరు షీ జిన్‌పింగ్. 2012లో మళ్లీ ఆ ఊరు వచ్చి పాత స్నేహితులను పలకరించి వెళ్లారు. ఆనాడు ఆయనకు ఆతిథ్యమిచ్చిన గవర్నరు టెర్రీ బ్రాన్‌స్టాడ్‌నే ట్రంప్ 2017లో బీజింగ్‌కు రాయబారిగా పంపారు. ఇంటి ఉప్పు తిన్న చుట్టరికం, ఇంటి మనిషే రాయబారం. అయినా దెబ్బ సరిగ్గా సోయా మీదే పడింది. సోయా విలువ ఎంతో షీ అక్కడే తెలుసుకుని ఉంటారు కదా.

ఖాతాదారును పోగొట్టుకోవడం అమెరికాకు వంశపారంపర్య విద్య. ధరలు పెరిగాయని 1973లో నిక్సన్ సోయా ఎగుమతి ఆపారు. హడలిన జపాను బ్రెజిల్‌లో సాగుకు పెట్టుబడి పెట్టింది. 1980లో కార్టర్ సోవియట్‌కు ధాన్యం ఆపితే వాళ్లు అర్జెంటీనా గుమ్మం ఎక్కారు. బ్రెజిల్ రైతుకు నిజమైన వ్యవసాయ మంత్రులు వాషింగ్టన్‌లోనే ఉన్నారు. వాళ్లకు సన్మానం వచ్చే సంక్రాంతికి.

2025లో రెండో సంపుటం వెలువడింది. మార్చిలో, మళ్లీ అధ్యక్షుడైన ట్రంప్ రైతులను దేశం లోపల అమ్మడానికి బోలెడంత పండించండి, సరదాగా గడపండి అని దీవించారు. సెప్టెంబరులో చైనా అమెరికా నుంచి ఒక్క గింజ కూడా దిగుమతి చేసుకోలేదు. అదే నెలలో అర్జెంటీనా ఎగుమతి పన్ను తాత్కాలికంగా ఎత్తేయగానే చైనా అక్కడ ఓడలకు ఓడలు కొన్నది. అదే సమయంలో అర్జెంటీనాను ఆదుకోవడానికి వాషింగ్టన్ 2,000 కోట్ల డాలర్లు సిద్ధం చేస్తోంది. ఆ సాయం వెనుక ఉన్న అమెరికా ఆర్థిక మంత్రి స్కాట్ బెసెంట్, తానూ సోయా రైతునేనని, ఆ బాధ తనకూ తెలుసని టీవీలో చెప్పారు. అప్పటికి ఆయనకు నార్త్ డకోటాలో పొలాలుండేవన్న మాట నిజమే. అక్టోబరు చివర దక్షిణ కొరియాలోని బూసాన్‌లో ట్రంప్, షీ ఇద్దరూ కూర్చుని, చైనా ఏటా 2.5 కోట్ల టన్నులు కొంటుందని తేల్చారు. 2024లో ఏ యుద్ధమూ చేయకుండా అమ్మినది దాదాపు 2.7 కోట్ల టన్నులు. డిసెంబరులో మళ్లీ 1,200 కోట్ల సాయం. మనకు పుష్కరం పన్నెండేళ్లకు వస్తుంది, వాళ్లకు పన్నెండు వందల కోట్ల పుష్కరం ఏడేళ్లకే వచ్చింది.

భీమవరం రొయ్యల రైతుకు ఈ కథంతా చెప్పనక్కరలేదు. 2025 ఆగస్టు 27న భారతీయ సరుకు మీద అమెరికా సుంకం 50 శాతం పడ్డ రోజు అతడికి గుర్తే. రొయ్య మేతలోనూ సోయా పిండి ఉంటుంది. అయోవాలో అతడికి, గోదావరి ఒడ్డున ఇతడికి ముహూర్తం పెట్టిన పురోహితుడు ఒక్కరే.

తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. చిక్కంతా శాలువా పంపడంలో వచ్చింది. సుంకం ఎంత అని వాకబు చేస్తే, ఆ రోజు పొద్దున పత్రిక చూసి చెప్పాలన్నారు. పైగా అమెరికా రేవులో సుంకం కట్టేది సరుకు తెప్పించుకునేవాడే, అంటే సన్మానం అందుకునే రైతే. జ్ఞాపిక పంపుదామా అంటే అది అల్యూమినియంది, అల్యూమినియం మీద అప్పటికి 50 శాతం సుంకం. కోశాధికారి గారు లెక్కలన్నీ వేసి, మొక్కజొన్న కూడా వేసే రైతైతే సెంటు చొప్పున ఎన్ని బుషెళ్లకు ఈ శాలువా సుంకం తీరుతుందో కాగితం మీద రాసి, ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. చివరికి సన్మాన పత్రం ఒక్కటే కవర్లో పెట్టి పంపుతున్నాం. చిరునామా మాత్రం ఇంకా రాయలేదు. అప్పటికి పొలం ఎవరి పేర ఉంటుందో చూసి రాద్దామన్నారు కార్యదర్శి గారు.