పది పౌండ్ల ఇంటికి ఓ అద్దెదారు విన్నపం

మహారాజరాజశ్రీ ఆల్ఫ్రిస్టన్ ఊరి పాత వికారేజీ (వికారు, అంటే చర్చి పాదిరి, ఉండే ఇల్లు) గారి దివ్య సముఖమునకు, లండన్ శివార్లలో ఒక గది, అర వంటిల్లు అద్దెకు తీసుకున్న తెలుగువాడు నమస్కరించి వ్రాయు విన్నపము.

తమరు క్షేమమే. పద్నాలుగో శతాబ్దంలో పుట్టి, గడ్డి కప్పుతో, ఓక్ దూలాలతో ససెక్స్‌లో ఇప్పటికీ నిటారుగా ఉన్నారు. మా బిల్డింగు నిన్నగాక మొన్న కట్టింది, అప్పుడే బాత్రూం గోడకి బూజు. ఓనరుకి చెబితే కిటికీ తీసి ఉంచమన్నాడు. బయట మంచు. నిన్న ఆ మహానుభావుడే అద్దె పెంచుతున్నట్టు మెయిలు పెట్టాడు. ఆ మంటలో తమరు గుర్తొచ్చారు.

1896లో పాత కట్టడాల్ని కాపాడే నేషనల్ ట్రస్టు సంస్థ తమర్ని కొన్నది ఎంతకండీ? 10 పౌండ్లకి! ట్రస్టు కొన్న మొట్టమొదటి కట్టడం తమరే. ఆ 10 పౌండ్లు నా అద్దెలో ఎంతసేపటికి వస్తాయో లెక్కేశాను. రాత్రి పడుకుని లేచేలోపే ఖర్చయిపోతాయి. అప్పటి పౌండు వేరు, నాకూ తెలుసు. తెలిస్తే మాత్రం కడుపుమంట ఆగుతుందా?

పైగా మధ్య హాలు మొత్తం పైకప్పు దాకా ఖాళీ! అంత ఎత్తు ఎవరికోసం, పొగ కోసమా? ఇక్కడ నేను మంచం మీద కూచునే పోపు పెడుతున్నాను.

అసలు నీకు ఇంత పరపతి ఎక్కడిది? చర్చివాళ్లే నిన్ను పడగొట్టేద్దామనుకున్నారు కదా. ఆ ఊరి వికారు బేనన్ గారు ఊరుకోక కనిపించినవాళ్లందరి గడ్డం పట్టుకున్నాడు. ట్రస్టుని స్థాపించినవాళ్లలో ఒకరైన ఆక్టేవియా హిల్ అంతటావిడ రంగంలోకి దిగింది. కొన్నాక మరమ్మతులకి మళ్లీ చందాలు! నా బాత్రూం గోడకి చందా ఇచ్చే వికారు ఒక్కడున్నాడా? పడిపోబోయే ఇంటికి ఇంతమంది చుట్టాలు, నెలనెలా అద్దె కట్టేవాడికి ఓ మెయిలు!

నీ నేల చూశాక మాత్రం కాస్త మెత్తబడ్డాను. సుద్దని దిమ్మిస చేసి, పులిసిన పాలతో గట్టిపరిచారట. పేడతో అలికిన మా అమ్మమ్మ వాళ్ల వసారా లాగే, చెప్పులు విప్పేయాలనిపించింది.

కనుక మనవి ఏమనగా, పైన ఓ మూల గది ఇప్పించగలరు. అడ్వాన్సుగా తమరి పూర్తి ఖరీదు 10 పౌండ్లు రొక్కంగా చేతిలో పెడతాను. బూజు ఉన్నా ఫర్వాలేదు, అలవాటే.

చిత్తగించవలెను.