మేపుల్ సిరప్‌: రికార్డు దిగుబడి వెనుక టెన్షన్

2024లో కెనడాలోని క్యూబెక్ రాష్ట్రంలో మేపుల్ సిరప్ (మేపుల్ చెట్టు రసం కాచి తీసే తీపి పాకం) రికార్డు స్థాయిలో వచ్చింది: దాదాపు 10.8 కోట్ల కిలోలు. అంతకుముందు ఏడాది వచ్చింది అందులో సగం కన్నా కాస్త ఎక్కువ, అంతే. ఈ రికార్డు చూసి, వాతావరణ మార్పు గోలంతా ఉత్తిదే అనేవాళ్లున్నారు. నాకు మాత్రం భయం ఆ ఊగిసలాట చూస్తేనే.

మన తాటిచెట్టు మండువేసవిలోనూ కల్లు ఇస్తుంది. మేపుల్ అలా కాదు. శీతకాలం చివర్లో రాత్రి సున్నా కన్నా దిగువకు పడిపోవాలి, పగలు పైకి రావాలి. రాత్రి కొమ్మలు గడ్డకట్టే వేళ చెట్టు కిందినుంచి నీటిని పైకి లాక్కుంటుంది, పగలు మంచు కరిగాక లోపలి ఒత్తిడికి రసం కారుతుంది. అందులో చక్కెర సుమారు 2 శాతమే. లీటరు సిరప్‌కు దాదాపు 40 లీటర్ల రసం కాచాలి. మొగ్గలు విచ్చాయంటే రసం రుచి చెడుతుంది, ఆ ఏడాదికి పని ముగిసినట్టే.

ఇప్పుడు ఫిబ్రవరిలోనే, ఒక్కోసారి జనవరిలోనే వెచ్చబడుతోంది. రైతుకు చిక్కంతా ఇక్కడే. రసం కోసం చెట్టుకు పెట్టిన రంధ్రం కొన్ని వారాలకే పూడుకుపోతుంది. ముందే పెడితే మార్చి నెల రసం చేజారొచ్చు, ఆగితే తొలి రసం పోతుంది. క్యాలెండర్ చూసి పనిచేసే రోజులు పోయాయి.

ఈ నష్టాన్ని యంత్రాలు కప్పిపుచ్చుతున్నాయి. ప్లాస్టిక్ గొట్టాలకు వాక్యూమ్ పంపులు బిగించి రసం లాగుతున్నారు. మన ఇళ్లలో నీళ్లకు వాడే ఆర్‌ఓ పద్ధతిలోనే రసం చిక్కబరిచి, ఆ తర్వాతే కాస్తున్నారు. దిగుబడి నిలబడింది నిజమే, కానీ పెట్టుబడి పెట్టగలిగినవాడికే.

వేడి పెరిగితే చెట్లు చల్లని ఉత్తరానికి జరుగుతాయి కదా అంటారు. నాటిన మొక్క రసమిచ్చే లావుకు రావడానికి దాదాపు 40 ఏళ్లు పడుతుంది. పైగా ఉత్తరాన ఆమ్ల నేలలు ఎక్కువ, ఈ చెట్టుకు అవి పడవు.

క్యూబెక్ రైతుల సంఘానికి గోదాముల్లో అత్యవసర నిల్వ ఉంది. 2021లో పంట తగ్గి గిరాకీ పెరిగితే, ఆ నిల్వలోంచే సుమారు 2.3 కోట్ల కిలోలు బయటకు తీశారు. సరిహద్దు దాటితే, అమెరికాలో అత్యధికంగా సిరప్ తీసే వర్మాంట్‌లో అలాంటి ఉమ్మడి నిల్వ లేదు. అక్కడ చెడ్డ ఏడాది భారమంతా చిన్న రైతు మీదే పడుతుంది.