అలీ చేతులు వణికాయని మా గుంట బాక్సింగ్ మానెయ్యాలా?

పోయిన వారం ఒడిశాలో మా బరంపురం తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులన్నిటిలోనూ ఒకటే మెసేజ్. సారం ఇది: "బాక్సింగంటే తలకాయలు పగలగొట్టుకోవడమే. అంతటి మహమ్మద్ అలీకే చివరికి చేతులు వణికాయి. ఒలింపిక్స్ వాళ్ళే ఈ ఆటని తీసేశారు. నేర్చుకున్నవాడు వీధి రౌడీ అవుతాడు. ఆడపిల్ల ముక్కు విరిగితే రేపు ఎవడు చేసుకుంటాడు? ఇది మన తెలుగువాళ్ళకి అచ్చొచ్చే ఆట కాదు, ఉద్యోగమూ రాదు. కన్నవాళ్ళు ఆలోచించండి." కింద దండం పెట్టే బొమ్మలు మూడు.

మా చెల్లెలు ఆలోచించింది. ఆలోచించి నాకు ఫోను చేసింది. "అన్నయ్యా, గుంటని రేపట్నుంచి మానిపించేస్తాను."

ఆ గుంట నా మేనకోడలు. పదిహేనేళ్ళు. ఏడాదిన్నరగా తెల్లవారి అయిదున్నరకల్లా క్లబ్బులో ఉంటోంది. క్లబ్బంటే ఏదో ఊహించుకోకండి. రేకుల షెడ్డు, నాలుగు పక్కలా తాళ్ళు బిగించిన రింగు, మగ్గాల ఇళ్ళనుంచి తెచ్చిన పీలికలూ పాత చీరలూ కుక్కి వేలాడదీసిన రెండు బ్యాగులు. కోచ్ గారు సైన్యంలో ఆడొచ్చిన ఒడియా మనిషి, పిల్లల్ని మాత్రం శుభ్రమైన తెలుగులో తిడతారు. దాన్ని అక్కడ చేర్పించింది నేనే కాబట్టి జవాబు చెప్పుకోవాల్సిందీ నేనే.

ముందు ఒలింపిక్స్ సంగతి, అది ఇట్టే తేలిపోతుంది. 2028 లాస్ ఏంజెలెస్ ఆటలకి 2021 డిసెంబరులో వేసిన మొదటి జాబితాలో బాక్సింగ్ లేని మాట నిజం. కారణం ఆట కాదు, దాన్ని నడిపే అంతర్జాతీయ సంఘం. డబ్బు లెక్కలు, జడ్జీల తీర్పులు, పెత్తనం, అన్నిటిలోనూ తగాదాలే. టోక్యోలోనూ పారిస్‌లోనూ ఆ సంఘాన్ని పక్కనపెట్టి ఒలింపిక్ కమిటీయే పోటీలు నడిపించుకుంది. 2023 జూన్‌లో దాని గుర్తింపు పూర్తిగా రద్దు చేసింది. 'వరల్డ్ బాక్సింగ్' అని కొత్త సంఘం పుట్టింది, మన దేశమూ అందులో చేరింది, 2025 మార్చిలో ఒలింపిక్ కమిటీ ఓటేసి బాక్సింగ్‌ని 2028 ఆటల్లోకి తీసుకుంది. పైగా ఈసారి ఆడవాళ్ళకి ఒక తూకం విభాగం పెరిగి మగవాళ్ళతో సమానంగా ఏడు అయ్యాయి. మెసేజ్ రాసినాయన 2021లోనే ఆగిపోయాడు. అన్నట్టు, ఆ మొదటి జాబితాలో వెయిట్‌లిఫ్టింగ్ కూడా లేదు. అందుకని బరంపురంలో ఎవరైనా బరువులు దించేసి ఇంటికెళ్ళారా?

ఇక అలీ. ఈ మాట దగ్గర నేను వెటకారం ఆడను, ఎందుకంటే ఇందులో సగం నిజముంది. అలీకి 1984లో పార్కిన్సన్స్ అనే వణుకుడు జబ్బు అని తేల్చారు. దానికి దెబ్బలే కారణమా అన్నదాని మీద వైద్యులు ఒక్క మాట మీద లేరు గాని, తలకి అన్నేళ్ళు దెబ్బలు తగలడం మంచిదని ఎవరూ అనరు. అయితే అలీ ఆడింది ఏ ఆట? డబ్బు కోసం ఆడే ప్రొఫెషనల్ బాక్సింగ్. మొత్తం 61 పోటీలు, తలకి ఏ రక్షణా లేకుండా. ఆ రోజుల్లో టైటిల్ పోటీ అంటే 15 రౌండ్లు. 1975లో మనీలాలో ఫ్రేజియర్ అనే మరో బాక్సర్‌తో పద్నాలుగు రౌండ్లు కొట్టుకున్నారు, రౌండుకి మూడు నిమిషాలు. మా మేనకోడలి వయసు జూనియర్లకి పోటీ మొత్తం మూడు రౌండ్లు, రౌండుకి రెండు నిమిషాలు. అంటే ఆరు నిమిషాలు. తలకి హెడ్‌గార్డ్, నోట్లో గమ్‌షీల్డ్ లేకుండా రింగులోకి రానివ్వరు. పోటీ రోజు పొద్దున్నే డాక్టరు చూసి సరే అంటేనే ఆట. పిల్ల కాస్త తూలినా రిఫరీ ఆపి ఎనిమిది లెక్కపెడతాడు, నచ్చకపోతే పోటీయే ఆపేస్తాడు. తల దెబ్బతో ఆగిపోయినవాళ్ళు కనీసం నెల రోజులు స్పారింగ్ (ప్రాక్టీసు కోసం తోటివాళ్ళతో ఆడే ఆట) కూడా చెయ్యకూడదని నియమం. స్పృహ తప్పితే నెలలకి నెలలు. గెలుపు పాయింట్ల మీద. గట్టిగా కొట్టినవాళ్ళకన్నా శుభ్రంగా తగిలించి తప్పుకున్నవాళ్ళకే పైచేయి.

రెండిటినీ బాక్సింగనే అంటారు, నిజమే. చెరువులో ఈతనీ గోపాల్‌పూర్ సముద్రంలో ఈతనీ కూడా ఈతనే అంటారు.

అలాగని హెడ్‌గార్డ్ పెట్టేశాం, ఇక భయం లేదనుకుంటే అదీ పొరపాటే. హెడ్‌గార్డ్ చర్మం చిట్లకుండా, కనుబొమ్మ పగలకుండా కాపాడుతుంది. లోపల మెదడు కుదుపుకి అడ్డం పడదు. కొబ్బరికాయకి గుడ్డ చుట్టి ఊపితే లోపల నీళ్ళు ఊగకుండా ఉంటాయా? అందుకే కన్నవాళ్ళు భయపడాల్సింది పోటీకి కాదు, రోజూ జరిగే ప్రాక్టీసుకి. పోటీలు ఏడాదిలో వేళ్ళమీద లెక్కపెట్టేన్ని. స్పారింగ్ వారం వారం ఉంటుంది. అక్కడ డాక్టరుండడు, కోచ్ ఒక్కడే. నలభై ఆరు కిలోల పిల్లని అరవై కిలోల కుర్రాడి ముందు నిలబెడుతున్నాడా? తలనొప్పిగా ఉందంటే 'ఏం పర్లేదు, ఆడు' అంటున్నాడా? తూకం తగ్గడానికి అన్నం మాన్పించి, నీళ్ళు తాగనివ్వక, ఎండలో రెండు స్వెట్టర్లు వేసి పరిగెత్తిస్తున్నాడా? పారిస్‌లో వినేశ్ ఫోగట్ తూకం తగ్గడానికి రాత్రంతా పాట్లు పడి, చివరికి వంద గ్రాములు ఎక్కువై ఫైనల్ పోగొట్టుకోవడం దేశమంతా చూసింది. అది కుస్తీయే, కానీ తూకం గోల బాక్సింగ్‌లోనూ అంతే. ఎదిగే పిల్లల చేత ఆ పని చేయించే కోచ్ దగ్గరనుంచి పిల్లని ఆ రోజే తెచ్చేసుకోండి. ఇంత భయపెట్టిన మెసేజ్‌లో ఇందులో ఒక్క ముక్కైనా ఉందా?

మా కోచ్ గారు మొదటి మూడు నెలలూ ఎవరి మీదా చెయ్యి ఎత్తనివ్వరు. తాడాట, అడుగులు, అద్దం ముందు నీడతో యుద్ధం, అంతే. రౌడీ అవుతాడన్న మాటకి జవాబు కూడా ఇందులోనే ఉంది. వీధిలో ఎవడినో కొట్టాలని నేర్చుకోవడానికి ఒక కుర్రాడు వచ్చాడు నిజమే. మూడు వారాలు తాడాట ఆడించేసరికి కాళ్ళు పీక్కుపోయి మాయమయ్యాడు. బయట చెయ్యి చేసుకున్నట్టు తెలిస్తే నెలపాటు గ్లవ్స్ ముట్టుకోనివ్వరు, షెడ్డు ఊడవడమే పని. మెసేజ్‌లో చెప్పిన ఆ అలీయే పన్నెండేళ్ళప్పుడు సైకిలు పోయిందని, దొంగని చితక్కొడతానని ఏడుస్తూ ఒక పోలీసాయన దగ్గరికెళ్ళాడు. ముందు కొట్టడం నేర్చుకోవోయ్ అని తన జిమ్‌కి రమ్మన్నాడా పోలీసు. అలీ రౌడీ అయ్యాడా, ఆరేళ్ళకి రోమ్‌లో ఒలింపిక్ బంగారం తెచ్చాడా?

ముక్కు, పెళ్ళి. అసలు ఈ మెసేజ్ పుట్టింది ఈ వాక్యం కోసమేనని నా అనుమానం. మగపిల్లల ముక్కుల గురించి ఎవరూ బెంగపెట్టుకోలేదు చూడండి. నిజామాబాద్ పిల్ల నిఖత్ జరీన్ మొదట్లో నెత్తురు మొహంతో ఇంటికెళ్తే తల్లి ఈ పెళ్ళి బెంగతోనే ఏడ్చిందని నిఖతే చెప్పుకుంది. ఆ పిల్ల 2022లో ఇస్తాంబుల్లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ ఛాంపియనైంది. ఇంతకీ ముక్కు సంగతి: మా మేనకోడలికి ఏడాదిన్నరలో తగిలిన పెద్ద దెబ్బ క్లబ్బు బయట సైకిలు మీంచి పడి మోచెయ్యి గీరుకోవడం.

తెలుగువాళ్ళకి అచ్చిరాదట. నిఖత్ తర్ఫీదు పొందింది విశాఖలో, ద్రోణాచార్య పురస్కారం అందుకున్న వెంకటేశ్వరరావు గారి దగ్గర. విశాఖ బాక్సర్ ఉషకి 2020లో ధ్యాన్‌చంద్ పురస్కారం వచ్చింది. మనకి విశాఖ ఎంత దూరం, రైలెక్కితే నాలుగైదు గంటలు. బాక్సింగ్ కాదుగాని, 2010 ఢిల్లీ కామన్వెల్త్‌లో 69 కిలోల వెయిట్‌లిఫ్టింగ్‌లో బంగారం ఎత్తిన కటులు రవికుమార్ ఏ ఊరివాడు? ఈ వీధుల్లోనే కదా తిరిగాడు.

ఉద్యోగం మాటలో మాత్రం మెసేజ్‌తో నాకు పెద్ద పేచీ లేదు. రైల్వేలో, సైన్యంలో, పోలీసులో క్రీడల కోటా ఉంది, నిఖత్‌కి తెలంగాణ డీఎస్పీ ఉద్యోగం వచ్చింది. కానీ జిల్లా పోటీల్లో ఒక పతకం తెచ్చుకున్నంత మాత్రాన ఎవరూ పిలిచి కుర్చీ వెయ్యరు. ఉద్యోగం గ్యారంటీ అని ఫీజు గుంజేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళనీ నమ్మకండి. చదువు మానిపించకండి.

ఇదంతా ఫోనులో చెప్తే మా చెల్లెలు వినలేదు. "నాకు అలీ ఎవరో ఎందుకు, నా పిల్ల సంగతి చెప్పు" అంది. సరే, నువ్వే వచ్చి చూడమన్నాను. ఆదివారం పొద్దున్నే వచ్చి షెడ్డులో ఓ బల్లమీద కూచుంది. గంటసేపు మాట్లాడలేదు. పిల్ల రింగు దిగాక దాని హెడ్‌గార్డ్ చేతిలోకి తీసుకుని చెంపల దగ్గర బొటనవేలితో నొక్కి చూసింది. లోపలి స్పాంజి రాయిలా గట్టిపడిపోయి ఉంది.

"ఏటండీ మాస్టారూ ఇది?" అంది కోచ్ గారితో. "ఇదెన్నేళ్ళనాటిది? కొత్తది ఎంతవుద్ది?"