మైనారిక్ లేజర్ కంపెనీ: చేతినిండా ఆర్డర్లున్నా ఎందుకు కుదేలైంది?

లేజర్, డిఫెన్స్ అనగానే మనవాళ్ళకి గుర్తొచ్చేది 2025 ఏప్రిల్‌లో కర్నూలు దగ్గర డీఆర్‌డీవో డ్రోన్లని కూల్చిన 30 కిలోవాట్ల లేజరే. అంతరిక్షంలో మాత్రం ఇప్పుడు గిరాకీ అంతా ఒక శాటిలైట్ నుంచి ఇంకోదానికి డేటా పంపే లేజర్లకి. కిరణం బాగా సన్నం కాబట్టి జామ్ చెయ్యడం, మధ్యలో వినడం చాలా కష్టం, పైగా రేడియోకిలా ఫ్రీక్వెన్సీ లైసెన్సుల గొడవ లేదు, అందుకే శాటిలైట్ ఇంటర్నెట్ కంపెనీలకీ ఆ లేజర్ పెట్టే కావాలి, మిలిటరీకీ అదే కావాలి.

జర్మనీలో మ్యూనిక్ దగ్గర మైనారిక్ అని కంపెనీ ఉంది, అక్కడి ప్రభుత్వ స్పేస్ సంస్థ డీఎల్ఆర్‌లో పనిచేసినవాళ్ళు 2009లో మొదలుపెట్టారు. 2020లో తన లేజర్ పరికరాలు చైనాకి అమ్మబోతే జర్మనీ ప్రభుత్వమే ఆపేసింది. ఆ తర్వాత చూపంతా అమెరికా వైపే, అక్కడి స్పేస్ డెవలప్‌మెంట్ ఏజెన్సీ వందల మిలిటరీ శాటిలైట్లని లేజర్లతో కలపాలనుకుంది, నార్త్‌రాప్ గ్రమ్మన్ లాంటి పెద్ద కంపెనీలు ఆర్డర్లిచ్చాయి, 2021లో అమెరికా స్టాక్ మార్కెట్ నాస్‌డాక్‌లో కూడా లిస్టయింది.

దెబ్బ పడింది ఫ్యాక్టరీలో. వేల కిలోమీటర్ల అవతల సెకనుకి 7 కిలోమీటర్లకి పైగా స్పీడుతో పోయే శాటిలైట్ మీద కిరణం నిలబెట్టాలి, వెంట్రుకవాసి తేడా వచ్చినా లింక్ పోయినట్టే. అలాంటిది ఒకటి రెండు ల్యాబ్‌లో నిపుణులు కూర్చుని చేసేస్తారు, అదే వందల్లో ఒకే క్వాలిటీతో రావాలంటే అది వేరే విద్య. తయారైనవాటిలో పనికొచ్చేవి అనుకున్నదానికన్నా తక్కువ, పార్టులు టైముకి రాలేదు, దాంతో 2024 ఆదాయం 5 నుంచి 7 కోట్ల యూరోలు అని చెప్పినవాళ్ళు ఆగస్టులో దాన్ని 1.6 నుంచి 2.4 కోట్లకి దించేశారు, షేరు ఒక్కరోజులో సగానికి పైగా పడిపోయింది. 2025 మార్చిలో అమెరికా కంపెనీ రాకెట్ ల్యాబ్ 7.5 కోట్ల డాలర్లకి, టార్గెట్లు అందుకుంటే ఇంకో 7.5 కోట్ల దాకా ఇచ్చి కొంటామని ప్రకటించింది. యూరప్‌లో పదిహేనేళ్ళు పెంచిన టెక్నాలజీ అది, నాకైతే బాధగానే అనిపించింది.

మన దగ్గర బెంగళూరులో ఆస్ట్రోగేట్ ల్యాబ్స్ 2017 నుంచి ఇదే పని మీద ఉంది. రక్షణ శాఖ స్టార్టప్‌ల పథకం ఐడెక్స్ ప్రైమ్ కింద ప్రోటోటైప్‌కి, అంటే తొలి నమూనాకి, 10 కోట్ల రూపాయల దాకా గ్రాంట్ ఇస్తున్నారు, మంచిదే, కానీ మైనారిక్ ప్రోటోటైప్ దగ్గర కూలలేదు కదా. టెస్టింగ్ పరికరాలకీ, ప్రొడక్షన్ లైన్‌కీ డబ్బు కావాలి, హైదరాబాద్ చుట్టుపక్కల ఇస్రోకీ డీఆర్‌డీవోకీ పార్టులు చేసే చిన్న యూనిట్లని ముందునుంచే కలుపుకోవాలి, అన్నిటికన్నా ముందు రక్షణ శాఖ ఏడాదికి ఇన్ని కొంటామని అడ్వాన్స్‌తో సహా రాసివ్వాలి.